వాకిటి గుంత

వానలు వచ్చినవంటే వీధి గుంతలను చూచి మునిసిపాలిటీవారిని తిట్టనివారు మన పేటలో ఉండరు. మేమూ తిట్టినవారమే. కాని గేటు మొదలు మెట్లదాకా ఉన్న డాంబరు దారి చాళీది గదా! అందులోని గుంతకు ఎవరిని తిట్టవలె?

ఫోరస్ రోడ్డు ప్రక్క మా చాళీలో అటువంటి గుంత మూడేండ్లు ఉన్నది. యజమాని అది కిరాయిదారుల పని అన్నాడు. కిరాయిదారులు యజమాని పని అన్నారు. ఆఫీసులో కాగితం బల్ల మారినట్లు ఆ మాట గడప గడపా తిరిగింది. మేమూ “చూద్దాం లెండి” అన్నాము. నిరుడు శ్రావణంలో పై అంతస్తు అవ్వ అందులో కాలుపెట్టి పడి తుంటి విరగగొట్టుకున్నది.

సిగ్గుపడి మరునాడే తారు, కంకర తెప్పించి గుంతలో పోయించినాము. వారంలో అంతా ఊడి వచ్చింది. మా చాళీలో రోడ్డుపనులు చేసి మానుకొన్న పాలమూరు మేస్త్రీ తాత ఒకరున్నారు. ఆయన నవ్వి, “బిడ్డా, గుంతను చూస్తే ఏమొస్తది? నీళ్ళు యాడికెల్లి వస్తున్నయో ముందుగాల చూడు” అన్నారు. చూస్తే, పైకప్పు నీటిగొట్టం పగిలి ఆ చోటనే కారుచున్నది!

డాంబరును చెరచేది బరువుకన్నా నీరు. పగులులో దిగి అడుగు మన్నును మెత్తబరచును. పైన చక్రం పోగానే పెచ్చు లేచును. మన నేలకు ఈ నీటి పోరు క్రొత్తదా? 18వ శతాబ్ది చివర హార్న్‌బీ కట్ట సముద్రపు పోటును ఆపకముందు ఈ చుట్టుపట్లంతా చిత్తడి నేల. తరువాత నిజాం సీమనుండి కూలికి వచ్చిన మన కామాటీలు స్థిరపడబట్టే దీనికి కామాటీపుర అని పేరు.

గొట్టం బాగుచేయించి, వైశాఖపు ఎండలో తాత చెప్పినట్లు పని సాగించినాము. గుంతచుట్టూ గట్టి డాంబరు తగిలేదాకా అంచులు నిలువుగా, చదరంగా కొట్టవలె. మట్టి, పెచ్చులు తీసి, తడి ఆరనిచ్చి, అడుగుకూ అంచులకూ పలుచగా తారు పూయవలె. తారు కలిపిన కంకర ఒక్కసారి నింపక, పొరపొరగా వేసి దిమ్మిసతో కొట్టవలె. చివరి పొర రవంత ఎత్తుగా ఉంచవలె. కాచనక్కరలేని మిశ్రమం ఇప్పుడు సంచులలో దొరుకుచున్నది. చిన్న గుంతకు అది చాలు. స్కూటరు స్టాండు క్రింద పలకముక్క పెట్టుడు. పెట్రోలు కారనీయకుడు, డాంబరు కరిగిపోవును.

ఖర్చు ఖోలీకి ఇంతని పంచుకొన్నాము. ఒకాయన మాత్రం, “పేటంతా కూల్చి క్రొత్తగా కడతారట, ఈ డబ్బు దండుగ గదా?” అన్నాడు. “కూల్చేదాక నడువద్దా బిడ్డా?” అన్నారు తాత. ఆయన మారుమాటాడక తన వంతు ఇచ్చినాడు.

ఈ ఏటి వానలకు దారి చెక్కుచెదరలేదు. అవ్వ మాత్రం ఇంకా మెట్లు దిగలేదు. మూడేండ్ల క్రిందట ఒక్కపూట పని అది. మీ వాకిట గుంత ఉంటే, పాఠకులారా, మావలె “చూద్దాం” అనకండి.