ఆట మారిన గురువు

బాలబాలికలారా! సాయంకాలమున గంట మ్రోగిన వెంటనే మీరు పుస్తకములు కట్టిపెట్టి ఆటస్థలమునకు పరుగెత్తుదురు గదా! అచ్చట మీకు ఆటలు నేర్పు వ్యాయామోపాధ్యాయులు సాధారణముగా ఒక్కరే యుందురు. వారు ఒకనాడు వాలీబాలు నేర్పుదురు; మరునాడు ఖోఖో నేర్పుదురు; ఇంకొకనాడు పరుగుపందెమునకు మిమ్ము సిద్ధపరతురు. ఇది మీకు వింతగా తోచదు. కాని దేశముల మధ్య జరుగు పెద్ద పోటీలలో, ఒక ఆటకు శిక్షకుడుగా పేరు గాంచినవాడు మరియొక ఆటకు శిక్షకుడుగా వచ్చెనన్నచో లోకము ఆశ్చర్యపడును. "ఆ ఆట నెరుగనివాడు దాని నెట్లు నేర్పగలడు?" అని కొందరు ప్రశ్నింతురు. "నేర్పుట యను విద్య ఒక్కటియే. అది తెలిసినవానికి ఆట యేదైన నేమి?" అని మరికొందరు వాదింతురు. ఈ రెండు మాటలలోను కొంత సత్యము కలదు. ఎవరి మాట ఎంతవరకు నిజమో విచారింతము.

మొదట రెండవ పక్షమువారి మాట చూతము. ఏ ఆటయందైనను గెలుపునకు కొన్ని గుణములు కావలెను. వేళకు లేచుట, మితముగా భుజించుట, విసుగు లేక అభ్యసించుట, ఓటమికి క్రుంగకుండుట, తోడి ఆటగానిని నమ్ముట – ఇవి ఒక్క ఆటకే చెందిన గుణములు కావు. వీనిని నేర్పగల గురువు ఏ ఆటస్థలమునకు పోయినను రిక్తహస్తములతో పోడు. దక్షిణాఫ్రికా దేశీయుడైన ప్యాడీ అప్టన్ ఇందుకు ఉదాహరణము. 2011లో భారత క్రికెట్ జట్టు ప్రపంచ కప్పును గెలిచినపుడు ఆటగాండ్రకు మనోధైర్యము గరపు శిక్షకుడుగా ఆయన ఆ జట్టుతో నుండెను. పిమ్మట 2023లో భారత పురుషుల హాకీ జట్టునకు అదే పనికై వచ్చెను. ఆ జట్టు 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో కాంస్య పతకము పొందెను. ఆ యేడే డిసెంబరు నెలలో, సింగపూరు నగరమున, తెలుగు కుటుంబమున జనించి చెన్నైలో పెరిగిన గుకేశ్ పదునెనిమిదేండ్ల ప్రాయముననే చదరంగమున ప్రపంచ విజేత యయ్యెను. ఆ పోటీకి గుకేశ్ మనస్సును సిద్ధపరచినవాడును అప్టనే. క్రికెట్టు, హాకీ, చదరంగము – ఈ మూడింటికిని పొంతన యేమి? ఆటలకు పొంతన లేదు; కాని ఆడు మనుష్యునకు కలదు. భయము బంతిని చూచినను కలుగును, బంటును చూచినను కలుగును.

అయితే ఇచ్చట ఒక విషయము మరువరాదు. అప్టన్ గుకేశునకు ఎత్తులు నేర్పలేదు. వానిని నేర్పుటకు చదరంగ నిపుణులు వేరుగా నుండిరి. తాను నేర్పవలసినదేదో, తాను తాకరానిదేదో ఎరిగి ఆయన ఆ హద్దులో నిలిచెను.

ఇక మొదటి పక్షమువారి మాట. ప్రతి ఆటకును ఒక మర్మము కలదు. అది నియమముల పుస్తకమున దొరకదు. ఏండ్ల తరబడి ఆ ఆటతో కాపురము చేసినవానికే అందును. హైదరాబాదు నగరమున ఉపాధ్యాయుడుగా పనిచేసి, భారత ఫుట్‌బాల్ జట్టునకు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీము కథ మన తెలుగు బాలురందరు తెలిసికొనదగినది. 1962లో జకార్తా నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మన జట్టున రక్షణ స్థానమున నాడు జర్నైల్ సింగు తలకు గాయమయ్యెను. అట్టి గాయముతో ఆయన మునుపటివలె తలతో బంతిని ఎదుర్కొనుచు రక్షణ చేయుట కష్టము. మరియొకరైనచో ఆయనను కూర్చుండబెట్టి యుందురు. రహీము అట్లు చేయక, ఆయనను ముందు వరుసలో నిలిపి గోలు కొట్టుమనెను. జర్నైల్ సింగు సెమీ ఫైనలునందును, ఫైనలునందును గోలు కొట్టెను. దక్షిణ కొరియాను 2–1 తేడాతో గెలిచి భారతదేశము స్వర్ణ పతకమును సాధించెను. వెనుక నిలుచువానిని ముందు నిలుపు ఆ సాహసము ఎచ్చటినుండి వచ్చెను? ఫుట్‌బాలు మర్మము ఎరిగిన కన్నులనుండి వచ్చెను. అట్టి కన్నులు ఒక ఆటనుండి మరియొక ఆటకు మూటగట్టి కొనిపోదగినవి కావు.

ఇంగ్లండు దేశీయుడైన క్లైవ్ వుడ్‌వర్డు అనుభవము దీనినే తెలుపును. రగ్బీ యనునది కోడిగ్రుడ్డు ఆకారము గల బంతిని చేతబట్టి పరుగెత్తు ఆట. వుడ్‌వర్డు ఆ ఆటలో ఇంగ్లండు జట్టునకు శిక్షకుడై 2003లో సిడ్నీ నగరమున ఆస్ట్రేలియాపై 20–17 తేడాతో ప్రపంచ కప్పు గెలిపించెను. అట్టివాడు 2005లో సౌతాంప్టన్ ఫుట్‌బాల్ క్లబ్బున చేరగా దేశమంతయు వింతగా చూచెను. ఆయన అచ్చట రెండేండ్లయినను నిలువలేదు. 2006లో ఆ క్లబ్బును వీడి బ్రిటిష్ ఒలింపిక్ సంఘమున చేరెను. ఆయన ప్రజ్ఞ తరిగెనా? తరుగలేదు. రగ్బీలో ఆయన మాటకు వెనుక ఆడిన యేండ్లును, గెలిచిన కప్పును సాక్ష్యముగా నుండెను. ఫుట్‌బాలులో ఆ సాక్ష్యము చెల్లలేదు. క్రొత్త ఊరిలో పాత ఊరి పరపతి చెల్లదు గదా!

ఈ రెంటికి నడుమ మరియొక మార్గమున్నది. మైక్ యంగ్ అను అమెరికా దేశీయుడు బేస్‌బాల్ శిక్షకుడు. ఆయన ఆస్ట్రేలియా క్రికెట్ జట్టునకు ఫీల్డింగు నేర్పుటకు నియమింపబడి చాలకాలము ఆ పని చేసెను. బేస్‌బాలులోను క్రికెట్టులోను పరుగెత్తుచు బంతిని అందుకొనుట, అందుకొన్న వెంటనే గురి చూచి విసరుట ముఖ్యము. ఈ విద్యలో బేస్‌బాల్ ఆటగాండ్రు ఆరితేరినవారు. కావున యంగ్ తెచ్చిన సరకు అచ్చట చెల్లెను. కాని బేస్‌బాలులో బంతి విసరువాడు మోచేతిని వంచి చాచి విసరును. క్రికెట్టులో బౌలరు అట్లు చేసినచో దోషమగును. కనుక ఆ బేస్‌బాల్ విద్యతో ఫీల్డింగు నేర్పవచ్చును గాని బౌలింగు నేర్పరాదు. రెండు ఆటలు కలియు చోటు ఎంతయో, విడిపోవు చోటు ఎచ్చటనో తెలిసినవాడే తెలివిగలవాడు.

ఈ తెలివి నాకు లేకపోవుటచే జరిగిన ఒక తప్పును మీకు చెప్పవలెను. నేను ప్రధానోపాధ్యాయుడను కాకమునుపు ఒక పల్లెలోని ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడుగా నుంటిని. ఒక సంవత్సరము నడుమ మా వ్యాయామోపాధ్యాయునకు బదిలీ యయ్యెను. మండల స్థాయి పోటీలకు నెల దినములు మాత్రమే యుండెను. యౌవనమున నేను చెడుగుడు – నేడు కబడ్డీ అని పిలుచు ఆట – బాగుగా ఆడినవాడను. "పండితులుగారూ! బాలికల వాలీబాలు జట్టును మీరు చూచుకొనుడు" అని నాటి ప్రధానోపాధ్యాయులు కోరిరి. నేను సంతోషముతో ఒప్పుకొంటిని. ఆట ఆటయే గదా యని నా ధీమా!

నేను వారిచే తెల్లవారక మునుపే పరుగులు తీయించితిని, గుంజీలు తీయించితిని, ఊపిరి బిగబట్టించితిని. "వెనుకాడకుడు! ముందుకు దూకుడు!" అని కేకలు వేసితిని. వారు నా మాట జవదాటలేదు. పోటీనాడు వారు నిజముగానే ముందుకు దూకిరి. దూకి వలను తాకిరి. నడిమి గీతను దాటి అవతలి వారి స్థలమున అడుగుపెట్టిరి. తాకినప్పుడెల్ల, దాటినప్పుడెల్ల ఎదుటివారికి పాయింటు పోయెను. చెడుగుడులో గీత దాటుట వీరత్వము; వాలీబాలులో అది దోషము. చెడుగుడులో పట్టినది విడువరాదు. వాలీబాలులో బంతిని పట్టనే రాదు. నియమములు నేను చదివియే యుంటిని. కాని నా కేకలు ఆ నియమములకు విరుద్ధమైన అలవాటును వారి కాళ్లకు నేర్పుచున్నవని గ్రహింపనైతిని. వరుసగా రెండు సెట్లును ఓడితిమి.

తిరిగి వచ్చునపుడు బస్సులో ఎవరును మాటాడలేదు. ఊరు సమీపించుచుండగా జట్టు నాయకురాలు నా యొద్దకు వచ్చి మెల్లగా అడిగెను: "మాస్టారూ! మీరు చెప్పినవన్నీ చేశాము గదండీ. మరి ఎందుకు ఓడిపోయాము?"

ఆ మాటలో నింద లేదు. అందుచేతనే అది నన్ను ఎక్కువగా బాధించెను. వారు చెప్పినది చేయకపోయినచో తప్పు వారిదని యుందును. చెప్పినదెల్ల చేసి యోడిరి. కావున తప్పు చెప్పినవానిది. ఆ బాలికలలో ఇద్దరు పదవ తరగతివారు. వారికి పాఠశాలలో అదియే చివరి పోటీ.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏటేట తరగతిలో నేను చెప్పు నలుని కథ జ్ఞప్తికి వచ్చెను. నలుడు అశ్వహృదయము, అనగా గుఱ్ఱముల మర్మము, తెలిసినవాడు. ఆయన తోలు రథము గాలితో పందెము వేయును. అట్టివాడు జూదమున రాజ్యమును కోల్పోయెను. ఏలన, గుఱ్ఱముల మర్మము తెలిసినంతమాత్రమున పాచికల మర్మము తెలియదు. తరువాత బాహుకుడను పేరుతో ఋతుపర్ణ మహారాజు కొలువున సారథిగా నున్నపుడు, ఆ రాజు దారిలో ఒక తాని చెట్టును చూచి దాని ఆకులను పండ్లను లెక్క చెప్పెను. నలుడు రథము నాపి, దిగి, స్వయముగా లెక్కించి చూచెను. లెక్క సరిపోయెను. వెంటనే ఆయన నుండి అక్షహృదయము నేర్చుకొని, మారుగా తన అశ్వహృదయము నొసగుట కొప్పుకొనెను. పిమ్మట పుష్కరుని గెలిచి రాజ్యమును మరల పొందెను. ఈ కథను పదునైదేండ్లు పిల్లలకు బోధించితిని గాని నాకు నేను బోధించుకొనలేదు. నలుడు పాత విద్యను పారవేయలేదు. దానినే పట్టుకొని వ్రేలాడనులేదు. క్రొత్త విద్య యెదుట రథము దిగి శిష్యుడయ్యెను.

మరునాటి నుండి పొరుగూరి పాఠశాలలోని వ్యాయామోపాధ్యాయుని యొద్దకు వారమునకు రెండు సాయంకాలములు సైకిలుపై పోవుచుంటిని. ఆయన నాకంటె పదేండ్లు చిన్నవాడు. ఆయన పిల్లలకు నేర్పుచుండగా నేను ప్రక్కన నిలిచి, అవతల పడిన బంతులను తెచ్చి యిచ్చుచు నేర్చుకొంటిని. మరుసటి యేడు మా బాలికలు రెండు ఆటలు గెలిచి మూడవ ఆటలో ఓడిరి. కాని పదవ తరగతి చదివిన ఆ యిద్దరు బాలికలు ఆ జట్టులో లేరు. వారి ఋణము నేను తీర్పలేదు.

ఇట్లు నేర్చుకొనుచు నేర్పిన గురువులలో లోకప్రసిద్ధుడొకడున్నాడు. ఐర్లండు దేశీయుడైన కోల్మ్ ఓకానెల్ అను క్రైస్తవ సోదరుడు 1976లో కెన్యా దేశమునందలి ఇటెన్ అను ఊరికి భూగోళశాస్త్రము బోధింప వచ్చెను. పరుగుపందెములలో ఆయనకు పూర్వపు శిక్షణ లేదు. అయినను పాఠశాల బాలుర పరుగును ఏండ్ల తరబడి ఓపికతో పరికించి నేర్చుకొనెను. ఆయన శిష్యుడైన డేవిడ్ రుడీషా 2012లో లండన్ ఒలింపిక్ క్రీడలలో 800 మీటర్ల దూరమును 1 నిమిషము 40.91 సెకండ్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. ఎరుగకపోవుట దోషము కాదు. ఎరుగుదునని తలచుట దోషము.

కావున నా అభిప్రాయ మిది. శిక్షకుడు ఒక ఆటనుండి మరియొక ఆటకు పోవచ్చును, పోయి గెలువనువచ్చును. కాని అతడు మూడు పనులు చేయవలెను. మనుష్యులకు సంబంధించిన తన విద్యను వెంట తీసికొనిపోవలెను. ఆటకు సంబంధించిన పాత అలవాట్లను గడప వెలుపలనే విడువవలెను. క్రొత్త ఆట మర్మము ఎరిగినవారి ముందు, వారు చిన్నవారైనను, శిష్యుడై నిలువవలెను. ఏలయన, గురువు నేర్చుకొనుటలో చేయు తప్పులకు వెల చెల్లించువాడు గురువు కాడు, శిష్యుడు. గురువునకు మరుసటి యేడు మరియొక జట్టు దొరకును. శిష్యునకు ఆ వయస్సు మరల రాదు.

బాలబాలికలారా! రేపు మీలో కొందరు ఉపాధ్యాయులగుదురు, కొందరు శిక్షకులగుదురు, కొందరు ఒక ఉద్యోగము వీడి మరియొక ఉద్యోగమున చేరుదురు. అప్పుడు మీ చేతి క్రింద పనిచేయువారు మీరు చెప్పినదెల్ల చేసి, "మరి ఎందుకు ఓడిపోయాము?" అని అడుగు స్థితి రానీయకుడు. క్రొత్త పనికి పూనుకొనిన మొదటి దినముననే నలునివలె రథము దిగి, చెట్టు క్రింద నిలిచి, ఆకులు లెక్కింపుడు.