పొగయింజనుల దేశాంతరగమనము

గాలి శుభ్రపడునని చాటి, శాన్‌ఫ్రాన్సిస్కో–శాన్‌హోసేల నడుమ నిత్యప్రయాణికులను మోసిన డీజిలు యింజనులను తొలగించి, కాల్‌ట్రెయిన్ వారు 2024 సెప్టెంబరున విద్యుచ్ఛక్తి బండ్లను నడపిరి. సంతోషమే. మరి పాత యింజనుల గతియేమి? వానిలో పెక్కు 1980ల నాటివి. ఆ నవంబరుననే 19 యింజనులు, 90 పెట్టెలు సుమారు 63 లక్షల డాలర్లకు పెరూ రాజధానియగు లీమా నగరమునకు అమ్ముడుపోయినవి! కాలిఫోర్నియా బిడ్డలకు కీడైన పొగ లీమా బిడ్డలకు మేలగునా? రైలు వచ్చిన మోటారుల రద్దీ తగ్గునని అమ్మినవారందురు. తగ్గవచ్చును, చోసికా మార్గమున నిత్యము నలుగు జనులకు రైలు వలదనుటకు మాకు నోరాడదు. కాని ముదిమి తీరిన యింజనును ధనికుడు వదలించుకొనుట వ్యాపారము. దానిని ఉపకారమనుట మాత్రము మేమొప్పము. ఉపకారమే యైనచో, ఆ సొమ్ము లీమాలో విద్యుత్తీగలు వేయుటకు మరలిపోవలెను.