కందులకు బర్మా కబురు

సరిహద్దు తగాదాలు మోమిన్‌పేట్, తాండూరు వర్తకులకు కొత్త కావు. హైదరాబాద్ సంస్థానం 1948 ఆగస్టులో భద్రతా మండలి గడప తొక్కినా అగ్రరాజ్యాలేవీ గట్టెక్కించలేదు. సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయారు. 1956లో గుల్బర్గా జిల్లా మైసూరుకు పోగా, అందులోని తాండూరు, కొడంగల్ తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. గీతకు అటూ ఇటూ పండేది మాత్రం ఆ కందే.

బర్మా (నేటి మయన్మార్) తగాదా వేరు. దూరాన ఉన్నా అది నేరుగా ధర మీదికే వస్తుంది. ఏటా లక్ష టన్నుల కందుల దిగుమతికి 2021లో ఒప్పందం కుదిరింది. ఆ ఫిబ్రవరిలోనే అక్కడ సైన్యం గద్దెనెక్కింది. 2023లో షాన్ రాష్ట్రంలో తిరుగుబాటు దళాలు సరిహద్దు పట్టణాలను పట్టుకోగా, 2024 జనవరిలో రాజీ కుదిర్చింది చైనా. అటువంటి చోటి ఒప్పంద కాగితాన్ని చూపి కమీషన్ ఏజెంట్లు ఇక్కడి రైతు సరుకుకు ధర కోయడం తొందరపాటే. రంగూన్ రేవు నుంచి ఓడ కదిలిన కబురు అందాక బేరమాడినా ఆలస్యం కాదు.