కృష్ణ జంక్షన్

పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) పడమటి అంచున, తంగిడి దగ్గర భీమను కలుపుకొన్న కృష్ణానది ఒడ్డున ఉన్న ఊరు కృష్ణ. స్టేషన్‌కూ అదే పేరు. బొంబాయి నుంచి వచ్చిన జీఐపీ (గ్రేట్ ఇండియన్ పెనిన్సులా) రైల్వే, మద్రాసు రైల్వే 1871లో రాయచూరులో కలిశాయి. బొంబాయి వైపు నుంచి వచ్చే రైలు ఈ స్టేషన్ దాటగానే వంతెన ఎక్కి, నది మీదుగా రాయచూరు చేరుతుంది.

దేశంలోని రెండు మహానగరాలను కలిపిన దారి మీద ఉన్నా, పాత జిల్లా కేంద్రం మహబూబ్‌నగర్‌కు 2023 దాకా ఇక్కడి నుంచి నేరుగా రైలు ఉండేది కాదు. చాలాకాలం వాడి, తాండూరు, వికారాబాద్ మీదుగా హైదరాబాద్ చేరి, మళ్లీ దక్షిణానికి దిగితే తప్ప మహబూబ్‌నగర్ వచ్చేది కాదు. పాలమూరుకు జరిగిన పెద్ద అన్యాయాల్లో ఇదొకటి.

ఈ లోటు తీర్చాల్సిన, 1997-98లో మంజూరైన మహబూబ్‌నగర్-మునీరాబాద్ లైను పనులు ఏళ్లతరబడి నత్తనడక నడిచాయి. దేవరకద్ర నుంచి బయలుదేరిన పట్టాలు మరికల్, జక్లేర్, మక్తల్ దాటి చివరకు కృష్ణకు చేరాయి. 37 కిలోమీటర్ల జక్లేర్-కృష్ణ భాగాన్ని 2023 అక్టోబర్ 1న జాతికి అంకితం చేశారు. కాచిగూడ-రాయచూరు రైలు ఆ రోజే మొదలైంది. చీరలకు పేరుపడ్డ నారాయణపేట పట్టణానికి మాత్రం ఈ దారిలోనూ స్టేషన్ దక్కలేదు.