అదంతా అబద్ధం కదండీ!

న్యూజెర్సీలో మా తెలుగువాళ్ళ విందుల్లో నేను రెజ్లింగ్ చూసి వచ్చానని నోరు జారితే చాలు, గుత్తొంకాయ వడ్డించుకుంటున్న చెయ్యి ఆగిపోతుంది. "మీరా? ఇంత చదువుకుని? అదంతా అబద్ధం కదండీ!" అంటారు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదేమోనని జాలిగా ఒక నవ్వు కూడా నవ్వుతారు. ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. ఇవాళ జవాబు చెప్పదలుచుకున్నాను.

అయ్యా, తెలుసు. ఎవరు గెలవాలో ముందే రాసి ఉంటుందని నాకు తెలుసు. ఉత్తుత్తి బెల్టు భుజాన వేసుకుని నా పక్కన కూచున్న ట్రక్కు డ్రైవరుకీ తెలుసు. ఆ హాల్లో మోసపోతున్నవాడు ఒక్కడూ లేడు.

మరి 1963లో వచ్చిన 'నర్తనశాల' చూసి కీచకుడు నిజంగా చచ్చాడా అని మీరెవరైనా అడిగారా? ఎస్వీ రంగారావు లేచి ఇంటికెళ్ళి భోంచేసుంటాడని తెలిసే కదా ఈలలు వేశాం? అందులో భీముడి వేషం కట్టిన దండమూడి రాజగోపాలరావు నిజజీవితంలో బరువులెత్తే వీరుడు. అయినా ఆ పోరు ఫలితం వ్యాసుడు ఎప్పుడో రాసిపెట్టాడు. మా ఊరి పౌరాణిక నాటకాల్లో పద్యం బాగుందని 'వన్స్ మోర్' కొడితే చచ్చిపడ్డవాడు లేచి, ఇంకోసారి పాడి, ఇంకోసారి చచ్చేవాడు. దాన్ని కళ అన్నాం. పడమటివాడు చేస్తే మాత్రం అబద్ధమా?

పోనీ, అబద్ధం కానిదేమిటో చెప్తాను. టీవీలో అది కనబడదు. ఏడో వరసలో కూచుంటే కనబడుతుంది. రింగు అంటే పరుపు కాదు. కింద ఉక్కు దూలాలు, వాటి మీద చెక్కలు, ఆ పైన పల్చటి స్పాంజి, దాని మీద కాన్వాసు గుడ్డ. రెండువందల యాభై పౌన్ల మనిషి వీపు దాని మీద పడితే ఆ చప్పుడు మన పక్కటెముకల్లో వినిపిస్తుంది. అరచేత్తో ఛాతీ మీద చరిస్తే అయిదు వేళ్ళూ ఎర్రగా తేలతాయి. ఎవరు గెలవాలో రాసుకోవచ్చు గానీ, నేల ఎంత మెత్తగా ఉండాలో ఎవరూ రాసుకోలేరు. ఒకసారి ఆట అయిపోయి దీపాలు తగ్గించాక, ఓడినవాడు తాడు పట్టుకుని మెట్లు దిగడం చూశాను. మా నాన్న మోకాళ్ళ నొప్పులతో బస్సు దిగినట్టు దిగాడు. అప్పటికి జనంలో సగంమంది టీషర్టుల దుకాణం దగ్గరున్నారు. ఆ దిగడం ఎవరి కోసమూ నటించింది కాదు.

1999 మే 23న కాన్సస్ సిటీలో ఓవెన్ హార్ట్ పైకప్పు దగ్గర్నుంచి తాడు మీద దిగుతూ జారి రింగులో పడి చనిపోయాడు. ఇది కథలో భాగం కాదని వ్యాఖ్యాత టీవీ చూస్తున్నవాళ్ళకి విడమరచి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ రాత్రి షో మాత్రం ఆపలేదు. ఒక మనిషి చావుని కూడా జనం నటన అనుకునే ప్రమాదం ఉందంటే, ఆ 'అబద్ధం' అనే మాట ఎంత ప్రమాదమైందో ఆలోచించండి.

ఆ మాట ఎవరికి లాభమో కూడా చెప్తాను. 1989లో ఇదే న్యూజెర్సీలో, అప్పట్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అని పిలిచే ఆ సంస్థవాళ్ళు చట్టసభ ముందు తమంతట తామే ఒప్పుకున్నారు, ఇది నిజమైన పోటీ కాదు, వినోదం అని. నిజాయితీ ముంచుకొచ్చి కాదు, క్రీడల కమిషన్ అజమాయిషీ, పన్నూ తప్పించుకోడానికి. 'అబద్ధం' అని మొదట లాభానికి అమ్ముకున్నది వాళ్ళు, మనం దాన్ని ఊరికే ప్రచారం చేస్తున్నాం. ఈనాటికీ ఆ రెజ్లర్లు ఉద్యోగులు కారు, కాంట్రాక్టర్లు. వాళ్ళకి యూనియన్ లేదు. 'టెన్ నైంటీనైన్' మీద పనిచేస్తూ, సొంత ఖర్చుతో బీమా కొనుక్కుంటూ, జ్వరమొస్తే జీతం పోతుందని లెక్కలు వేసుకునే వాళ్ళు మన విందుల్లో ఎంతమంది లేరు? వాళ్ళ కష్టాన్ని ఎవరైనా 'నటన' అంటే ఊరుకుంటామా?

ఇంతవరకూ మిమ్మల్ని అన్నాను. ఇక నన్ను నేను అనుకోవాలి.

2014లో బల్గేరియాలో పుట్టిన రుసేవ్ చేతికి రష్యా జెండా ఇచ్చి రింగులోకి పంపేవారు. హాలంతా "యు.ఎస్.ఏ." అని హోరెత్తేది. నేనూ అరిచాను, ఏడేళ్ళ మావాణ్ణి భుజాల మీద కూచోబెట్టుకుని మరీ. గొంతు బొంగురుపోయింది. ఎంత హాయిగా ఉందనుకున్నారు! ఇక్కడివాళ్ళలో ఒకణ్ణయిపోయానని అంత గట్టిగా మరెప్పుడూ అనిపించలేదు.

2017 మే 21న జిందర్ మహల్ ఛాంపియన్ అయ్యాడు. పుట్టింది కెనడాలోని కాల్గరీలో. కానీ అతని వేషం పంజాబు నుంచి వచ్చిన దుష్టుడు. తలపాగా చుట్టుకొచ్చి, పంజాబీలో మాట్లాడితే జనం మండిపడాలి. అదీ కథ. ఆ వేసవిలో మేము వెళ్ళిన షోలో మళ్ళీ అదే "యు.ఎస్.ఏ." మొదలైంది. మా వెనక వరసలో ఒకడు మాత్రం అంతటితో ఆపలేదు. "మీ దేశానికి పో" అని అరిచాడు. అతను రింగుకేసే చూస్తూ అరిచాడో, మాకేసి చూశాడో, నేను వెనక్కి తిరగలేదు గనక నాకు తెలీదు.

మావాడు నా చొక్కా లాగి, "నాన్నా, ఆయన మనల్ని అంటున్నాడా?" అన్నాడు.

"లేదు కన్నా. ఇదంతా కథ" అన్నాను.

చూశారా? విందులో మీరు చెప్పే మాటే నేనూ చెప్పాను. అవసరం వచ్చేసరికి నాకూ అదే అడ్డం వచ్చింది. సంస్థ అజమాయిషీ, పన్నూ తప్పించుకోడానికి వాడుకున్న మాటని, నేను నా కొడుకు ప్రశ్న తప్పించుకోడానికి వాడుకున్నాను. వేషం కల్పితమే, కొట్లాట కల్పితమే. ఆ అరుపు మాత్రం ఎవరూ రాసివ్వలేదు. మూడేళ్ళ కిందట నా నోట్లోంచి వచ్చింది కూడా ఎవరూ రాసివ్వలేదు.

రెజ్లింగ్ మానేశానా? లేదు. పౌరాణిక నాటకం చూసినవాడికి ఇది మానడం కష్టం. వెళ్తాను, చప్పట్లు కొడతాను, దుష్టుణ్ణి తిడతాను. కానీ అతని దుష్టత్వాన్ని తిడతాను, అతని ఊరుని కాదు. దేశం పేరు పెట్టి అరుపు మొదలైతే నోరు మూసుకుని కూచుంటాను. ఇప్పుడు కాలేజీలో చదువుతున్న మావాడు పక్కనుంటే వాడూ అంతే. పెద్ద సాహసమేమీ కాదు. వేలమంది అరుస్తుంటే ఇద్దరు ఊరుకోవడం ఎవరికీ వినబడదు. మాకు వినబడుతుంది.

కాబట్టి ఈసారి విందులో కలిసినప్పుడు రెజ్లింగ్ మోటు అనండి, పిల్లచేష్ట అనండి, డబ్బు దండగ అనండి, ఒప్పుకుంటాను. అబద్ధం అని మాత్రం అనకండి. ఆ మాట నేను ఒకసారి వాడి చూశాను.