మద్యం తొలగితే చాలదు, మంచినీళ్లూ కావాలి

అది 2022 నవంబరు 18, శుక్రవారం. ఖతర్‌లో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు మొదలు కావడానికి ఇంకా రెండు రోజులే గడువు. స్టేడియంల ఆవరణల్లో ప్రేక్షకులకు బీరు అమ్మబోమని ఆ రోజు ప్రకటన వెలువడింది. మద్యం లేని పానీయాలు మాత్రమే దొరుకుతాయన్నారు. పాశ్చాత్య పత్రికల్లో పెద్ద దుమారం రేగింది. తాగకుండా ఆట చూడడం ఎలాగని అడిగినవారూ ఉన్నారు.

మంగంపేట వాసులకు గల్ఫ్ పరాయి చోటు కాదు. మన గనుల్లోని ముగ్గురాయి చమురు బావుల తవ్వకానికి విదేశాలకు వెళుతుంది. ఓబులవారిపల్లె, కోడూరు, రాజంపేట ప్రాంతాల నుంచి మన బిడ్డలు కూడా బతుకుతెరువు కోసం ఆ దారే పట్టారు. అక్కడ జరిగినదాంట్లో మనం నేర్చుకోవలసింది ఏమైనా ఉందా అని చూడడం మంచిది.

ముందు ఇంగ్లండు సంగతి చూద్దాం. మైదానం కనిపించే చోట కూర్చుని మద్యం తాగరాదని అక్కడ 1985లో చట్టం చేశారు. అందుకని అభిమానులు గ్యాలరీల కింద ఉండే నడవాల్లో తాగుతారు. విరామం పదిహేను నిమిషాలే. ఆ కాస్త సమయంలో వేలాది మంది ఒక్కసారిగా అక్కడికి దిగితే కౌంటర్ల వద్ద తోపులాట, మరుగుదొడ్ల ముందు బారులు తప్పవు. కొడుకు చేయి పట్టుకుని వచ్చిన తండ్రి ఒక పక్కకు ఒదిగి నిలబడవలసిందే. 2021 జులై 11న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో యూరో ఫైనల్ జరిగినప్పుడు దాదాపు 2,000 మంది టిక్కెట్టు లేకుండా లోపలికి చొరబడ్డారు. ఆనాటి అల్లకల్లోలానికి ఉదయం నుంచి సాగిన తాగుడు కూడా ఒక కారణమని తరువాతి విచారణ చెప్పింది.

ఖతర్‌లో ఇంగ్లండు, వేల్స్ అభిమానుల్లో ఒక్కరూ అల్లరి కేసులో అరెస్టు కాలేదని బ్రిటిష్ పోలీసులే వెల్లడించారు. దూర ప్రయాణం, భారీ ఖర్చు కూడా ఇందుకు కారణాలు కావచ్చు. అయినా, స్టేడియంలో ఇంత నిశ్చింతగా ఎన్నడూ లేమని పలువురు మహిళలు పత్రికలవారితో అన్న మాటను తోసిపుచ్చలేం.

అయితే సగం నిజం చెప్పి ఊరుకోవడం మనకు తగదు. అదే స్టేడియంలలో ఖరీదైన టిక్కెట్లవారి ప్రత్యేక గదుల్లో మద్యం ఆగలేదు. హరామ్ అనేది పేదవాడి టిక్కెట్టుకు ఒకటి, ధనికుడి టిక్కెట్టుకు మరొకటి కాదు. మాయిదా సూరా 90వ వాక్యంలోని ఆదేశం మదీనాకు చేరినప్పుడు అబూ తల్హా (రజి) వంటి సంపన్నుల ఇంట్లోని మద్యం కూడా వీధి పాలయింది.

మద్యం తొలగించడంతో మన బాధ్యత తీరదు. తల్లి పేర ఏ దానం మేలని సఅద్ బిన్ ఉబాదా (రజి) అడిగితే దైవప్రవక్త (స) నీటిని సూచించారు. ఆయన బావి తవ్వించారు. జనం నడిచే దారిలోను, సేదదీరే నీడలోను మలమూత్ర విసర్జన చేయడం శాపాలు తెచ్చే పని అని కూడా ప్రవక్త (స) హెచ్చరించారు. మద్యాన్ని నిషేధించిన ధర్మమే మంచినీళ్లనూ శుభ్రతనూ ఆదేశించింది.

ఇక మన ఊళ్ల సంగతి. ఇక్కడి టోర్నమెంట్లకు గ్యాలరీలు లేవు, నడవాలు లేవు. కాని షామియానా వెనుక కంపచెట్ల చాటు ఉంది. ఖాళీ సీసాలు అక్కడే దొరుకుతాయి. నిర్వాహకులను అడిగితే “మేము అమ్మడం లేదు కదా మౌలీసాబ్” అంటారు. మన ఆడపడుచులు ఆ వైపు రారు. వచ్చినా ఎండలో నోరెండుతున్నా నీళ్లు తాగరు. తాగితే తరువాత ఎక్కడికి వెళ్లాలి? తమ్ముడు గోల్ కొడితే చూసే హక్కు అక్కకు లేదా?

ఆటే వద్దనే పెద్దలు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టుకు స్వర్ణం తెచ్చిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు ఉపాధ్యాయుడే. తప్పు ఆటలో లేదు, దాని చుట్టూ మనం చేరనిచ్చినవాటిలో ఉంది.

రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం 1995లో వచ్చింది, 1997లో పోయింది. మన మైదానంలో నిషేధానికి మాత్రం ఏ ప్రభుత్వం కోసమూ కాచుకోనక్కరలేదు. పోటీ జరిగే రోజుల్లో మసీదు కమిటీలు యువకులతో కలిసి కూర్చోవాలి. కుండల్లో చల్లని నీళ్లు, ఆడవాళ్లకు వేరుగా తాత్కాలిక మరుగుదొడ్లు, అసర్ నమాజుకు కాస్త శుభ్రమైన చోటు, కంపచెట్ల వైపు కాపలాకు ఇద్దరు బాధ్యత గల మనుషులు ఉండేలా చూడాలి. దీనికి లక్షలు అక్కరలేదు. నీళ్లు మోసేవారు కావాలి. పోటీ అయిపోయాక మైదానం ఊడ్చేవారు కావాలి.

ఆ పనికి ముందుకు వచ్చే మనసును అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.