హాకీ మైదానం ఊళ్లోనే ఉండాలి

తెలుగు నగరం పేరు పెట్టుకున్న హాకీ జట్టు దేశంలోనే పెద్ద వృత్తి హాకీ లీగ్‌లో ఫైనల్ దాకా వెళ్లింది. ఆ జట్టు ఆడిన ఒక్క మ్యాచ్ కూడా తెలుగు గడ్డపై జరగలేదు. ఏడేళ్ల విరామం తర్వాత 2024 డిసెంబర్ 28న హాకీ ఇండియా లీగ్ మళ్లీ మొదలైనప్పుడు హైదరాబాద్ తూఫాన్స్ కొత్త ఫ్రాంచైజీగా బరిలో దిగింది. 2025 ఫిబ్రవరి 1న జరిగిన ఫైనల్‌లో బెంగాల్ టైగర్స్ చేతిలో 3-4తో ఓడి రెండో స్థానంతో సరిపెట్టుకుంది. ఆ సీజన్‌లో పురుషుల మ్యాచ్‌లకు ప్రధాన వేదిక ఒడిశాలోని రూర్కెలా. 2026 జనవరిలో జరిగిన తర్వాతి సీజన్ చెన్నై, రాంచీ, భువనేశ్వర్ చుట్టి వచ్చింది. హైదరాబాద్ ముఖం చూడలేదు.

జట్టుకు పేరిచ్చి మైదానం ఇవ్వకపోతే ఆ పేరు ఎన్నాళ్లో నిలవదు. తెలుగు రాష్ట్రాల్లో వృత్తి హాకీకి సొంత మైదానాలు కావాలి. హైదరాబాద్‌తో పాటు నెల్లూరు వంటి కోస్తా నగరాలకూ కావాలి. అయితే మైదానం అనగానే ఊరి బయట వంద ఎకరాలు వెతికే అలవాటును మాత్రం ఇకనైనా మానుకోవాలి. బడి వదిలాక పిల్లలు బస్సులోనో సైకిల్ మీదో చేరుకోగలిగే చోట, రైల్వే స్టేషన్‌కూ బస్టాండుకూ దగ్గరలో, ఇప్పటికే ప్రభుత్వం చేతిలో ఉన్న జాగాలో హాకీ మైదానం రావాలని ఈ పత్రిక స్పష్టంగా కోరుతోంది.

హాకీ మనకు కొత్త ఆట కాదు. 2003లో హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో భారత జట్టు పాకిస్థాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచింది. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ తొలి సీజన్ మొత్తం గచ్చిబౌలి హాకీ స్టేడియంలోనే జరిగింది. ఆ టైటిల్‌ను హైదరాబాద్ సుల్తాన్స్ సొంతగడ్డ మీదే ఎగరేసుకుపోయింది. హైదరాబాదీ ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లో దేశానికి ఆడారు. నెల్లూరు పక్కనే ఉన్న ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన గోల్‌కీపర్ రజని టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లిన మహిళల జట్టుతో ఉన్నారు. 2023లో సీనియర్ మహిళల జాతీయ చాంపియన్‌షిప్‌కు కాకినాడ వేదికైంది. ఆటగాళ్లు ఉన్నారు, చూసేవాళ్లు ఉన్నారు, చరిత్రా ఉంది. ఈ మూడింటినీ ఒకచోట చేర్చే మైదానమే కరవైంది.

ఆ కరవు తీర్చడానికి గచ్చిబౌలి అనుభవమే తొలి పాఠం. 2002 జాతీయ క్రీడల నాటికి అది ఊరికి దూరంగా ఉన్న రాళ్ల నేల. క్రీడాగ్రామం కట్టారు, పోటీలు జరిపారు, దీపాలార్పి వచ్చేశారు. పాతబస్తీలో, సికింద్రాబాద్‌లో హాకీ కర్ర పట్టుకున్న కుర్రాడికి రోజూ అంత దూరం వెళ్లి సాధన చేసే దారి లేకపోయింది. వాడుక తగ్గిన చోట మరమ్మతులు తగ్గుతాయి, మరమ్మతులు తగ్గిన చోటుపై వేరే అవసరాల కన్ను పడుతుంది. 2020లో కొవిడ్ వచ్చినప్పుడు క్రీడాకారుల వసతి కోసం కట్టిన బహుళ అంతస్తుల భవనం ఆస్పత్రిగా మారింది. ప్రాణాలు కాపాడే పనికి ఎవరూ అడ్డు చెప్పరు, చెప్పకూడదు కూడా. కానీ నిత్యం పిల్లలతో కళకళలాడే క్రీడాగ్రామమైతే దాన్ని తీసుకునే ముందు ప్రభుత్వం మరో చోటు కోసం కొంతైనా వెతికేది. అదే నగరంలో ఉప్పల్ క్రికెట్ స్టేడియం సంగతి చూడండి. అదీ శివారే. మెట్రో వచ్చి దగ్గర్లో ‘స్టేడియం’ పేరుతోనే స్టేషన్ వెలిశాక సొంత వాహనం లేని సామాన్యుడికీ అది అందుబాటులోకి వచ్చింది.

శివారు స్టేడియాల కథను కెనడా, అమెరికాలు మనకంటే ముందే అనుభవించాయి. అక్కడి హాకీ మంచు మీద ఆడేది, ఆట తీరు వేరు. స్థలం ఎంపికలో జరిగిన పొరపాట్లు మాత్రం మనవే. కెనడా రాజధాని ఒట్టావాకు 1990 డిసెంబర్‌లో నేషనల్ హాకీ లీగ్ కొత్త జట్టును ఇచ్చింది. యజమానులు నగరానికి పాతిక కిలోమీటర్ల దూరంలో, కనాటా దగ్గర పంట భూములు కొన్నారు. స్టేడియం చుట్టూ కొత్త ఊరే కట్టాలన్నది వారి ఆలోచన. సాగుభూమిని ఇలా మార్చడం తగదని పెద్ద వాదమే నడిచింది. 1991లో ఒంటారియో మునిసిపల్ బోర్డు అనుమతి ఇస్తూనే సీట్ల సంఖ్యకు కోత పెట్టింది, హైవే నుంచి స్టేడియానికి వేసే కూడలి ఖర్చును జట్టే భరించాలని తేల్చింది. 1996 జనవరిలో స్టేడియం తెరుచుకుంది. ఆనాటి నుంచి అభిమానులకు చలికాలపు రాత్రి కారు ప్రయాణం తప్పలేదు. సుమారు మూడు దశాబ్దాల తర్వాత, 2025లో, అదే జట్టు నగరం నడిబొడ్డున లెబ్రెటన్ ఫ్లాట్స్‌లో స్థలం కొనేందుకు ఒప్పందం చేసుకుంది. మొదటే చేయాల్సిన పనికి ఒక తరం ఆలస్యమైంది.

అమెరికాలో అరిజోనా జట్టు కథ ఇంకా చేదు. 2003 డిసెంబర్‌లో ఆ జట్టు ఫీనిక్స్ నగర కేంద్రాన్ని వదిలి పడమటి శివారు గ్లెండేల్‌కు చేరింది. టికెట్లు కొనే అభిమానుల్లో చాలామంది ఉండేది నగరానికి తూర్పున. 2009లో జట్టు దివాలా పిటిషన్ వేసింది. తర్వాత స్టేడియం ఒప్పందాన్ని కొనసాగించబోమని గ్లెండేల్ చెప్పేసింది. 2022లో జట్టు ఒక విశ్వవిద్యాలయపు చిన్న స్టేడియంలో తలదాచుకుంది. టెంపేలో కొత్త స్టేడియం కట్టాలన్న ప్రతిపాదనను 2023 మేలో ఓటర్లు తిరస్కరించారు. 2024లో జట్టు సాల్ట్‌లేక్ సిటీకి తరలిపోయింది. యాజమాన్యం మార్పులు, అప్పులు కూడా కారణాలే. అయినా చూసేవాడికి దూరంగా కట్టిన స్టేడియం ఆ కష్టాలన్నింటినీ పెంచిందన్నది కాదనలేని నిజం.

మనకు ఆదర్శం కావాలంటే అంత దూరం వెళ్లనవసరం లేదు. ఒడిశా ఉంది. రూర్కెలాలో బిర్సా ముండా స్టేడియాన్ని 2023 ప్రపంచకప్ కోసం ఇరవై వేల సీట్లతో కట్టారు. కట్టింది బిజూ పట్నాయక్ సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రాంగణంలో. అది ఉన్న సుందర్‌గఢ్ జిల్లా దిలీప్ టిర్కీ, అమిత్ రోహిదాస్ వంటి ఆటగాళ్లను దేశానికి ఇచ్చిన నేల. ఆ జిల్లాలోని 17 బ్లాకుల్లోనూ సింథటిక్ టర్ఫ్‌లు వేయాలని ప్రభుత్వం సంకల్పించింది. 2018 నుంచి జాతీయ జట్లకు ప్రాయోజకత్వం వహిస్తోంది. హాకీ ఆడే జనం ఎక్కడున్నారో చూసి మైదానాన్ని వారి దగ్గరకు తీసుకెళ్లారు. అందుకే తూఫాన్స్ కూడా తొలి సీజన్‌లో అక్కడికి వెళ్లి ఆడాల్సి వచ్చింది.

ఇక నెల్లూరు మాటకు వద్దాం. హాకీకి సంబంధించినంతవరకూ ఈ తీరం హైదరాబాద్ కంటే చెన్నైకి దగ్గర. సుమారు 180 కిలోమీటర్లు, రైల్లో మూడు గంటలు. అక్కడ ఎగ్మోరులోని మేయర్ రాధాకృష్ణన్ స్టేడియంలో 2023 ఆగస్టులో ఆసియా చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. భారత్ 4-3తో మలేసియాపై గెలిచింది. 2025 జూనియర్ ప్రపంచకప్ మ్యాచ్‌లూ అక్కడే జరిగాయి. ఆ మైదానం రైల్వే స్టేషన్‌కు దగ్గరలో, మహానగరం మధ్యలో ఉంది. నెల్లూరులో పొద్దున్నే రైలెక్కి మ్యాచ్ చూసి రాత్రికి ఇల్లు చేరే వీలుంది. అదే మైదానం మహాబలిపురం దారిలోనో, శ్రీపెరంబుదూరు అవతలో ఉంటే మన అభిమాని గుమ్మం దాటేవాడు కాదు.

నెల్లూరులో హాకీ మైదానానికి స్థలం ఎక్కడ అన్న చర్చ వచ్చిన రోజు మూడు చోట్ల వైపు చూపులు పోతాయి. ఆ మూడూ వద్దని ముందే చెబుతున్నాం. మొదటిది పెన్నా ఆయకట్టు కింది మాగాణి. సోమశిల నీళ్లతో పండే ఆ నేలను చదును చేసి గ్యాలరీలు కట్టడం అన్నం పెట్టే చేతిని నరకడమే. రెండోది పెన్నా ఒడ్డున ముంపు నేల. 2021 నవంబర్ వరదల్లో పడుగుపాడు దగ్గర జాతీయ రహదారీ రైలు పట్టాలూ కోసుకుపోయిన దృశ్యం ఈ జిల్లా మరచిపోలేదు. కోట్లు పోసి వేసిన టర్ఫ్ ఒక్క వరదతో బురద కింద సమాధి అవుతుంది. మూడోది మైపాడు వైపు, ముత్తుకూరు వైపు సముద్ర తీర భూములు. రొయ్యల చెరువులతో, చౌడుతో భూగర్భ జలాలు ఉప్పెక్కిన చోట, తేమగాలికి ఇనుము తుప్పు పట్టే చోట, ఏటా ఈశాన్య రుతుపవనాల కాలంలో తుపాన్ల ముప్పు పొంచి ఉండే చోట టర్ఫ్‌ను కాపాడటం కత్తిమీద సామే.

నీటి సంగతిని తేలిగ్గా తీసుకోవద్దు. పెద్ద పోటీలకు వాడే తడి టర్ఫ్‌ను మ్యాచ్‌కు ముందు, విరామంలో నీళ్లతో తడపాలి. ఆ నీరు మంచినీరై ఉండాలి. అంతర్జాతీయ హాకీ సమాఖ్య సైతం నీటి వాడకం తగ్గించే టర్ఫ్‌ల వైపు మళ్లుతోంది. వేసవిలో మంచినీటికి ట్యాంకర్ల కోసం ఎదురుచూసే పల్లెలున్న జిల్లాలో తక్కువ నీటితో నడిచే టర్ఫ్‌నే ఎంచుకోవాలి. వాన నీటిని ఒడిసిపట్టే ట్యాంకును డిజైన్‌లోనే చేర్చాలి.

నగరంలో జాగా ఎక్కడుందన్న ప్రశ్నకు సూటి జవాబుంది. హాకీ మైదానం పొడవు 91.40 మీటర్లు, వెడల్పు 55 మీటర్లు. చుట్టూ వదలాల్సిన ఖాళీతో కలిపినా రెండెకరాలు దాటదు. గ్యాలరీలు, దుస్తులు మార్చుకునే గదులు, నీటి ట్యాంకు, ఫ్లడ్‌లైట్లు, సైకిల్ స్టాండు అన్నీ కలిపినా ఐదెకరాల్లో సర్దుకోవచ్చు. వంద ఎకరాలు కావాలని ఎవరైనా అంటే అందులో ఆటకు అవసరమైనది కొద్దిగానే. మిగిలినదంతా చుట్టుపక్కల భూముల ధరలు పెంచడానికే. స్టేడియం పేరు చెప్పి వెంచర్లు వేసే వ్యాపారానికి ప్రజాధనం పెట్టుబడి కాకూడదు. ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం పరిసరాలు మొదలుకుని నెల్లూరు, వేదాయపాళెం రైల్వే స్టేషన్ల మధ్య ప్రభుత్వ శాఖల చేతిలో ఉన్న ఖాళీ జాగాల వరకూ జిల్లా యంత్రాంగం లెక్క తీయాలి. ఐదెకరాల ముక్క దొరకకపోదు. కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ప్రాంగణాన్ని శిక్షణకు, వసతికి వాడుకుందాం. మ్యాచ్‌లకు మాత్రం నగరమే ఉండాలి.

నడిబొడ్డున కడితే ట్రాఫిక్ స్తంభిస్తుందని, కార్లకు జాగా చాలదని అనేవారున్నారు. ఐదారు వేల మంది చూసే హాకీ మ్యాచ్ నెల్లూరు ఏటా జరుపుకొనే రొట్టెల పండుగ రద్దీలో చిన్న వంతు కూడా కాదు. ఆ పండుగకు రాష్ట్రాలు దాటి వచ్చే లక్షల మందిని బారాషహీద్ దర్గా దగ్గర సమర్థంగా నడిపించిన ఈ నగరానికి, నెలకు నాలుగు మ్యాచ్‌ల రద్దీ ఒక లెక్కా? కార్ల కోసం ఎకరాలు పరిచే బదులు మ్యాచ్ రోజుల్లో ఆర్టీసీ అదనపు బస్సులు నడిపితే సరిపోతుంది. లీగ్ జట్టే లేని చోట స్టేడియం ఎందుకన్నది రెండో అభ్యంతరం. మైదానం ఉన్న చోటికే లీగ్ వస్తుందని రూర్కెలా రుజువు చేసింది. లీగ్ రావడానికి పదేళ్లు పట్టినా ఆ పదేళ్లూ ఆ టర్ఫ్ మీద మన జిల్లా పిల్లలు ఆడతారు. నష్టమేమీ లేదు.

ప్రభుత్వాలు చేయాల్సింది స్పష్టం. తెలంగాణ ప్రభుత్వం గచ్చిబౌలిలో హాకీకి పోటీస్థాయి మైదానం సిద్ధంగా ఉంచి, తూఫాన్స్ మ్యాచ్‌ల్లో కొన్నైనా హైదరాబాద్‌లో జరపాలని లీగ్‌ను అడగాలి. మెట్రో స్టేషన్ నుంచి అక్కడికి బస్సులు నడపాలి. 2024లో కొత్త క్రీడా విధానం ప్రకటించిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెల్లూరు నగరంలో ఐదెకరాల ప్రభుత్వ భూమిని హాకీకి కేటాయించాలి. రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ (శాప్), జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ కలిసి స్థల పరిశీలన నివేదికను ప్రజల ముందు పెట్టాలి. అందులో బస్టాండు ఎంత దూరం, రైల్వే స్టేషన్ ఎంత దూరం, వరద ముప్పు ఎంత, నీళ్లు ఎక్కడి నుంచి అన్న నాలుగు ప్రశ్నలకూ జవాబు ఉండాలి. టర్ఫ్ ఆయుష్షు సాధారణంగా పదేళ్లకు మించదు గనుక దాన్ని మార్చే ఖర్చును తొలి బడ్జెట్‌లోనే పక్కన పెట్టాలి. కోచ్‌లను ఒప్పంద ప్రాతిపదికన కాకుండా శాశ్వత పోస్టుల్లో నియమించాలి.

ఒక్క మాటలో చెప్పాలంటే, స్థలం ఖరారయ్యే ముందు అధికారులు రూపాయి ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయాలి. కోవూరులోనో ఇందుకూరుపేటలోనో ప్రభుత్వ బడిలో చదివే ఆడపిల్ల సాయంత్రం బడి వదిలాక బస్సెక్కి ఆ మైదానానికి చేరి, గంటన్నర సాధన చేసి, చీకటి పడే వేళకు క్షేమంగా ఇల్లు చేరగలదా? చేరగలదంటే అక్కడ పునాది వేయండి. చేరలేదంటే ఆ స్థలం ఎంత చవకగా వచ్చినా, ఎంత పెద్దవారు సిఫారసు చేసినా తిరస్కరించండి.